గడ్డకట్టే చలిలో గాలం.. కొండ సరస్సు ఒడ్డున ట్రౌట్ వేట! తొలిసారి వెళ్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

చలికాలం వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల వీకెండ్ ప్లాన్‌లో మంచు కొండలు ఉండాల్సిందే. కాలిఫోర్నియాలో అయితే లేక్ తాహో, డోనర్ లేక్, బిగ్ బేర్. మంచులో ఆడుకోవడం, ఫొటోలు దిగడం, ఫ్లాస్క్‌లో తెచ్చుకున్న టీ తాగి తిరిగి రావడం.. చాలామందికి ట్రిప్ అంటే ఇంతే. కానీ అదే సరస్సు ఒడ్డున కొందరు మంచులో నిలబడి గంటల తరబడి గాలం వేస్తుంటారు. చూసేవాళ్లకు ఇదేం పిచ్చి అనిపిస్తుంది. నిజానికి వాళ్లు లెక్క చూసుకుని వచ్చినవాళ్లే. పడవ లేనివాళ్లు ఒడ్డు మీద నుంచే ట్రౌట్ చేప పట్టాలంటే ఇంతకంటే మంచి కాలం ఉండదు. ఎందుకలా? ఏమేం కావాలి? ఎక్కడ ప్రాణం మీదకు వస్తుంది? చూద్దాం.

వేసవిలో కనిపించని చేప.. చలికాలంలో ఒడ్డుకెందుకు వస్తుంది?

ట్రౌట్ చల్లనీటి చేప. మన కొర్రమీను, బొచ్చెలా వెచ్చని చెరువులో బతికే రకం కాదు. నీళ్లు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హుషారుగా తిరుగుతుంది. 20 దాటితే దానికి ఇబ్బందే. వేసవిలో సరస్సు పైనీళ్లు వేడెక్కి, తేలికై పైనే ఉండిపోతాయి. చల్లని నీళ్లు అడుగున ఉంటాయి. ట్రౌట్ కూడా ఆ అడుక్కే దిగిపోతుంది. ఒడ్డు మీద నుంచి ఎంత దూరం విసిరినా గాలం అక్కడిదాకా వెళ్లదు. అందుకే వేసవిలో పడవలు, లోతు కొలిచే మెషిన్లు ఉన్నవాళ్లదే రాజ్యం.

అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి సీన్ మారిపోతుంది. పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందకు దిగుతాయి. పైనా కిందా నీళ్లన్నీ కలిసిపోతాయి. ఇక చేపకు లోతులో దాక్కోవాల్సిన పని లేదు. తిండి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. ఆ తిండి.. పురుగులు, నత్తలు, చిన్న చేపలు.. ఎక్కువగా ఉండేది ఒడ్డు వారే.

ఇక్కడే చిన్న సైన్స్ సంగతి ఒకటుంది. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అంతకంటే చల్లబడితే మళ్లీ తేలికవుతాయి. అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుంది గానీ అడుగు నుంచి కాదు. పైన మంచు పలక ఉన్నా కింద 4 డిగ్రీల నీళ్లలో చేపలు నిశ్చింతగా బతుకుతాయి. మరి లేక్ తాహో ఎందుకు గడ్డకట్టదు? 6,225 అడుగుల ఎత్తులో ఉన్నా దాని లోతు 1,645 అడుగులు. వేసవంతా అంత నీటిలో దాచుకున్న వేడి ఒక్క చలికాలంలో పోదు. పైనీళ్లు చల్లబడే కొద్దీ కింద నుంచి వెచ్చటి నీళ్లు పైకి వస్తూనే ఉంటాయి.

అయితే ఒక మెలిక ఉంది. చలికి చేప ఒళ్లు కూడా మందగిస్తుంది. అరుగుదల తగ్గుతుంది కాబట్టి తక్కువ తింటుంది. ఎర వెంట పరుగులు పెట్టదు. ముక్కు దగ్గరకు వస్తే నోరు తెరుస్తుంది, లేదంటే పట్టించుకోదు. చలికాలం గాలం పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. చిన్న ఎర, సన్నని దారం, నెమ్మదైన చెయ్యి.

ఏ సరస్సు? అన్నీ తెరిచి ఉండవు!

తొలిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాలిఫోర్నియాలో 2021లో ట్రౌట్ నిబంధనలను చాలావరకు సులభం చేశారు. ఎక్కువ సరస్సులు, రిజర్వాయర్లలో ఏడాది పొడవునా గాలం వేయొచ్చు. సాధారణ పరిమితి రోజుకు 5 ట్రౌట్. కానీ మినహాయింపులు ఉన్నాయి. సియెర్రా కొండలకు తూర్పున మామత్ లేక్స్, జూన్ లేక్ ఉండే మోనో కౌంటీలో చాలా సరస్సులను నవంబర్ మధ్యలో మూసేస్తారు. మళ్లీ తెరిచేది ఏప్రిల్ చివరి శనివారం. ఆ రోజును అక్కడివాళ్లు క్రిస్మస్‌కు ప్రాస కలిపి 'ఫిష్‌మస్' అంటారు. జనవరిలో మామత్‌కు స్కీయింగ్‌కు వెళ్తూ డిక్కీలో గాలం వేసుకెళ్తే అది డిక్కీలోనే ఉండిపోతుంది.

కొత్తవాళ్లకు బే ఏరియా, శాక్రమెంటో వైపు నుంచి అయితే డోనర్ లేక్ మంచి ఎంపిక. ట్రకీ ఊరి పక్కనే, ఐ-80 హైవేకు ఆనుకునే ఉంటుంది. ఉత్తర ఒడ్డున రోడ్డు పక్కనే జనం వాడుకునే చెక్క పియర్లు వరుసగా ఉంటాయి. ఇందులో రెయిన్‌బో, బ్రౌన్ ట్రౌట్‌తో పాటు మాకినా అనే పెద్ద రకం కూడా ఉంది. బాగా చలి పెరిగితే ఇది గడ్డకడుతుంది. అప్పుడు పక్కనే ఉన్న తాహోకు వెళ్లడమే.

తాహో కాలిఫోర్నియా, నెవాడా రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఏ రాష్ట్రం లైసెన్స్ ఉన్నా సరస్సు మీద చెల్లుతుంది. కానీ కొత్తవాళ్లకు తాహో కొంచెం కష్టం. నీళ్లు మరీ తేటగా ఉంటాయి. మన నీడ పడినా చేప పారిపోతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు బిగ్ బేర్ లేక్ ఉండనే ఉంది. ఎత్తు 6,743 అడుగులు. ఆనకట్ట కట్టి తయారుచేసిన సరస్సు. తాహోతో పోలిస్తే లోతు చాలా తక్కువ కాబట్టి అంచుల్లో, మూలల్లో మంచు పలకలు కడతాయి. నీళ్లు కనిపించే చోటే నిలబడాలి.

మాట వచ్చింది కాబట్టి.. తాహో నుంచి పారే ట్రకీ నది చివరకు నెవాడా ఎడారిలోని పిరమిడ్ లేక్‌లో కలుస్తుంది. అక్కడ చలికాలంలో కనిపించే దృశ్యం ఇంకెక్కడా చూడలేం. జనం ఇంట్లో వాడుకునే నిచ్చెనలను నీళ్లలో వేసుకుని, వాటిపై ఎక్కి కూర్చుని గాలం వేస్తుంటారు. ఒడ్డు నుంచి కొంత దూరంలో అడుగు ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, ఆ అంచు వెంటే లాహొంటాన్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ తిరుగుతుంది. 1925లో ఇక్కడే 41 పౌండ్ల చేప దొరికింది.. అంటే 18 కిలోలకు పైనే. ఆ రకంలో ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే. ఇది పయూట్ తెగ ప్రజల భూమి. ఇక్కడ రాష్ట్రం లైసెన్స్ పనిచేయదు, తెగవాళ్లు ఇచ్చే పర్మిట్ తీసుకోవాలి.

లైసెన్స్ లేకుండా రాడ్ పట్టుకున్నా గాలం వేసినట్టే!

ఊళ్లో చెరువు గట్టున కూర్చుని వెదురు కర్రతో గాలం వేసిన అలవాటుతో ఇక్కడ దిగితే జేబుకు చిల్లే. కాలిఫోర్నియాలో 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఫిషింగ్ లైసెన్స్ తప్పనిసరి. రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో గానీ, గాలం సామాన్లు అమ్మే షాపుల్లో గానీ తీసుకోవచ్చు. ఒక్క రోజుకు, రెండు రోజులకు కూడా ఇస్తారు. ఏడాది లైసెన్స్ ఇంతకుముందు డిసెంబర్ 31తో ముగిసేది. 2023 నుంచి కొన్న రోజు నుంచి 365 రోజులు చెల్లుతోంది. కాబట్టి డిసెంబర్‌లో కొన్నా నష్టం లేదు.

మనవాళ్లకు వచ్చే పెద్ద డౌట్.. వీసా మీద ఉన్నవాళ్లకు రెసిడెంట్ రేటు వర్తిస్తుందా? దీనికి పౌరసత్వంతో పని లేదు. దరఖాస్తుకు ముందు వరుసగా 6 నెలలు కాలిఫోర్నియాలో ఉంటే చాలు. చదువుకునే పిల్లలైనా, ఉద్యోగం చేసేవాళ్లైనా రెసిడెంట్ లెక్కే. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి.

ఇంకో విషయం. "ఒక్క నిమిషం ఈ రాడ్ పట్టుకో, ఫొటో తీస్తా" అని లైసెన్స్ లేని ఫ్రెండ్ చేతిలో పెట్టారనుకోండి.. దారం నీళ్లలో ఉంటే అతను చేపలు పడుతున్నట్టే లెక్క. వార్డెన్ అదే సమయానికి వస్తే మీ ఇద్దరి వివరణ వింటాడు, టికెట్ రాస్తాడు. అలాగే మన దగ్గర చేపలను పిలవడానికి తౌడు, నూకలు చల్లే అలవాటు ఉంది కదా. ఇక్కడ చాలా సరస్సుల్లో అది చట్టవిరుద్ధం. బతికున్న చిన్న చేపలను ఎరగా గుచ్చడం కూడా సియెర్రాలోని చాలా ట్రౌట్ సరస్సుల్లో కుదరదు. తాహో లాంటి చోట్ల వాగులు కలిసే దగ్గర ప్రత్యేక ఆంక్షలుంటాయి. వెళ్లే ముందు ఆ సరస్సు పేరుతో నిబంధనల పుస్తకం ఒకసారి తిరగేయండి. ఫ్రీగా ఫోన్‌లోనే దొరుకుతుంది.

సామాన్లకు ఎంత కావాలి? నిజానికి కొంచెమే

షాపుకు వెళ్తే సగం జీతం అక్కడే పెట్టించేలా ఉంటుంది. అవసరం లేదు. ఆరున్నర, ఏడు అడుగుల లైట్ స్పిన్నింగ్ రాడ్ ఒకటి. దానికి 1000 నుంచి 2500 సైజు మధ్యలో స్పిన్నింగ్ రీల్. 4 లేదా 6 పౌండ్ల నైలాన్ దారం. అంతే. లావు దారం ఉంటే చేప తెంచుకుని పోదు కదా అనుకుంటారు చాలామంది. లావు దారం చలికి బిరుసెక్కి స్ప్రింగ్‌లా చుట్టలు తిరుగుతుంది, దూరం పోదు, తేట నీళ్లలో చేపకు కనిపిస్తుంది. పైగా ఇక్కడ ఎక్కువగా దొరికేవి హ్యాచరీలో పెంచి వదిలిన అడుగు పొడవు చేపలు. వాటికి 4 పౌండ్ల దారం చాలు, రీల్‌కు ఉండే డ్రాగ్ సరిగా పెట్టుకుంటే. దారాన్ని చేత్తో గట్టిగా లాగితే తెగకముందే రీల్ జారుతూ దారం వదలాలి. అలా బిగించుకోవాలి.

వీటికి తోడు రెండు మూడు రకాల సీసం గుండ్లు, చిన్న స్వివెల్స్, 8 నుంచి 14 నంబర్ వరకు గాలం కొక్కేలు, ఒక వల, పొడవు మూతి పట్టకారు. నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లు ఇది తిరగేసి కొంటుంటారు.

ముడి సంగతి చెప్పకుండా వదలకూడదు. దారాన్ని కొక్కెం కన్నంలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, ఆ కొసను కన్నం దగ్గరున్న మొదటి లూప్‌లోంచి, మళ్లీ దాని వల్ల ఏర్పడిన పెద్ద లూప్‌లోంచి తీసి లాగాలి. లాగేముందు నోటితో తడి చేయాలి. పొడిగా లాగితే రాపిడికి దారం వేడెక్కి బలహీనపడుతుంది. కొండ మీద చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఈ ముడి వేయడం నరకం. ఇంట్లో టీవీ చూస్తూ పది సార్లు వేసి ప్రాక్టీస్ చేయండి. నాలుగైదు సెట్లు ఇంట్లోనే కట్టి ఓ స్పాంజ్ ముక్కకు చుట్టి తీసుకెళ్లండి.

మునిగే గుండు.. తేలే ఎర

ఒడ్డు నుంచి ట్రౌట్ పట్టడానికి కొత్తవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే పద్ధతి ఇదే. మన దగ్గర గాలానికి బెండు కట్టి ఎరను పైనుంచి వేలాడదీస్తాం. ఇక్కడ ఉల్టా. గుండు అడుగున పడి ఉంటుంది, ఎర దానికి పైన తేలుతుంది.

ఎలాగంటే.. మధ్యలో రంధ్రం ఉన్న పావు ఔన్స్ నుంచి అర ఔన్స్ సీసం గుండును అసలు దారంలోకి ఎక్కించాలి. కింద స్వివెల్ కట్టాలి. గుండు స్వివెల్ దాటి కిందకు జారదు. స్వివెల్ రెండో చివర 18 నుంచి 24 అంగుళాల సన్నని దారం, దాని చివర చిన్న కొక్కెం. కొక్కేనికి తేలే పిండి ఎర.. పవర్‌బెయిట్ అని చిన్న డబ్బాల్లో వస్తుంది.. శనగ గింజ అంత తీసుకుని కొక్కెం మొత్తం కప్పేలా ఉండ చేయాలి. విసిరే ముందు ఒడ్డున నీళ్లలో వేసి తేలుతుందో లేదో చూడండి. తేలకపోతే ఎర తక్కువైనట్టు, లేదా కొక్కెం పెద్దదైనట్టు.

ఈ పిండి ఎందుకు పనిచేస్తుంది? హ్యాచరీలో చేపలు గుళికల మేత తిని పెరుగుతాయి. ఆ వాసన, ఆ ఆకారం వాటికి తెలుసు. అదే నదిలోనో సరస్సులోనో పుట్టి పెరిగిన బ్రౌన్ ట్రౌట్ దీన్ని పెద్దగా లెక్కచేయదు. దానికి వానపాము మేలు. వానపామును గుచ్చి, చిన్న సిరంజీ లాంటి సీసాతో దానిలోకి కాస్త గాలి ఎక్కిస్తే అదీ తేలుతుంది.

గుండు ఎందుకు జారాలి అంటే.. చేప ఎర పట్టుకుని కదిలినప్పుడు దారం గుండులోంచి జారిపోతుంది. బరువు తగలదు. బరువు తగిలితే చలికాలం చేప వెంటనే ఉమ్మేస్తుంది. విసిరాక దారాన్ని బిగదీయకుండా కాస్త వదులుగా ఉంచి, అది నీళ్లను తాకే చోట చూస్తుండాలి. వేసవిలోలా రాడ్ వంగిపోయే లాగుడు ఉండదు. దారం కొంచెం పక్కకు జరుగుతుంది, లేదా వదులు మెల్లగా బిగుస్తుంది. అంతే. అప్పుడు రాడ్‌ను ఒక్కసారి పైకి ఎత్తాలి. ఫోన్ చూస్తూ కూర్చుంటే ఎర తిని వెళ్లిన సంగతి కూడా తెలియదు.

ఒకే చోట కూర్చోవడం బోర్ అనిపించేవాళ్లకు స్పూన్, స్పిన్నర్ లాంటి మెరిసే లోహపు ఎరలున్నాయి. ఎనిమిదో వంతు నుంచి పావు ఔన్స్ బరువు చాలు. విసిరి, మనసులో ఐదు లెక్కపెట్టి, మెల్లగా చుట్టాలి. మధ్యలో ఆగాలి. ఆగినప్పుడు అది ఎండుటాకులా ఊగుతూ కిందకు దిగుతుంది. చేప పట్టేది ఎక్కువగా ఆ క్షణంలోనే. మీకు ఎంత నెమ్మది అనిపిస్తే దానికి సగం వేగంలో చుట్టండి.

దూరం విసరడం కాదు.. సరైన చోట విసరాలి

కొత్తవాళ్లు బలమంతా ఉపయోగించి సరస్సు మధ్యకు విసురుతారు. ఆ సమయంలో చేప వాళ్ల కాళ్ల ముందు పది, ఇరవై అడుగుల్లో తిరుగుతుంటుంది. మొదటి గాలం ఒడ్డు వెంబడి పక్కకు వేయాలి. తర్వాత విసనకర్ర తెరిచినట్టు కొంచెం కొంచెం లోపలికి.

చోటు ఎలా ఎంచుకోవాలి? ఎండ చూసుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు కిందుగా ఉంటాడు. కాబట్టి దక్షిణం వైపు చూస్తుండే ఒడ్డు, అంటే సరస్సుకు ఉత్తరపు గట్టు, ఎక్కువ ఎండ తింటుంది. అక్కడ నల్లటి బండరాళ్లు ఉంటే అవి ఇంకా వేడెక్కి పక్కనున్న నీళ్లను ఒకటి రెండు డిగ్రీలు పెంచుతాయి. మనకు అది తేడానే కాదు, చేపకు మాత్రం పెద్ద తేడా. డోనర్‌లో పియర్లున్నది సరిగ్గా అలాంటి గట్టు మీదే. ఆనకట్ట గోడలు, అడుగు ఒక్కసారిగా లోతుకు దిగే అంచులు, గాలి వచ్చి కొట్టే ఒడ్డు కూడా మంచివే. గాలి తిండిని ఆ వైపుకు తోస్తుంది. మనకు మాత్రం ముఖం మీద చలి గాలి కొడుతుంది, భరించాల్సిందే.

చేపల వేట అంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని అందరూ అనుకుంటారు. డిసెంబర్, జనవరిల్లో బిగ్ బేర్ లాంటి చోట్ల ఆ శ్రమ అక్కర్లేదు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు, నీళ్లు కాస్త వెచ్చబడే సమయమే మేలు. ఫ్యామిలీతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే హాయి ఏముంది? తాహో మాత్రం దీనికి మినహాయింపు. నీళ్లు తేట కాబట్టి వెలుగు తక్కువగా ఉండే పొద్దున్నే, సాయంత్రం, లేదా మబ్బు పట్టి అలలు లేచే రోజు చూసుకోవాలి.

రాడ్‌కు ఉండే రింగుల్లో తడి గడ్డకట్టి దారం ఇరుక్కుంటుంది. బలంగా లాగితే రింగు విరుగుతుంది. రాడ్‌ను నీళ్లలో ముంచితే మంచు కరిగిపోతుంది. గడ్డకట్టిన రాడ్‌కు సరస్సు నీళ్లే వేడినీళ్లు మరి!

మంచు పలక మీద అడుగు పెట్టొద్దు

2022 డిసెంబర్ 26. అరిజోనా రాష్ట్రంలో సుమారు 7,500 అడుగుల ఎత్తున ఉన్న వుడ్స్ కాన్యన్ లేక్. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన ముగ్గురు గడ్డకట్టిన ఆ సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి నీళ్లలో పడిపోయారు. ముగ్గురూ చనిపోయారు. సెలవు రోజున సరదాగా మంచు చూడ్డానికి వెళ్లిన కుటుంబాలవి. ఆ వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంతమందిని కలచివేసిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

లంబసింగి చలి చూసి ఇదే చలి అనుకున్న మనకు, మంచు గడ్డ ఎంత మందం ఉంటే మనిషిని మోస్తుందో పుట్టుకతో వచ్చే తెలివి కాదు. మినసోటాలో పుట్టినవాళ్లు చిన్నప్పటి నుంచీ చూసి నేర్చుకుంటారు. అక్కడి లెక్క ప్రకారం ఒక మనిషి నడవాలంటే గట్టి, తేట మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. తెల్లగా, నురగలా కనిపించే మంచుకు అందులో సగం బలమే ఉంటుంది. అదీ ఒకచోట 5 అంగుళాలుంటే పది అడుగుల అవతల 2 అంగుళాలే ఉండొచ్చు. వాగు కలిసే చోట, ఆనకట్ట దగ్గర, బండల పక్కన ఇంకా పల్చన. కాలిఫోర్నియా, అరిజోనా కొండల మీద పగలు ఎండ కాసి, రాత్రి గడ్డకట్టే మంచును అసలు నమ్మకూడదు. ఒడ్డు నుంచి గాలం వేసేవాళ్లకు ఇంత లెక్క కూడా అక్కర్లేదు. మంచు మీద అడుగు పెట్టొద్దు. గాలం మంచులో ఇరుక్కున్నా, చేప పలక మీద పడినా, టోపీ ఎగిరిపోయినా సరే. దారం కోసేయండి.

ఆ నీళ్లలో పడితే ఏమవుతుంది? చల్లనీటి ప్రమాదాలపై శిక్షణ ఇచ్చేవాళ్లు 1-10-1 అని చెబుతారు. మొదటి 1 నిమిషం.. చలి షాక్‌కు ఊపిరి ఆపుకోలేనంతగా ఎగపోస్తుంది. తల మునిగి ఉంటే ఆ ఒక్క శ్వాసతోనే నీళ్లు లోపలికి పోతాయి. ఈత వచ్చినా, రాకపోయినా ఇది ఆగదు. ఆ నిమిషం తల పైకి పెట్టి ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడమే పని. తర్వాత 10 నిమిషాలు.. చేతులు, కాళ్లు మాట వినే సమయం ఇదే. బయటపడాలంటే ఈలోపే. చివరి 1 అంటే గంట.. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి పట్టే సమయం. అంటే చాలామంది చలికి కాదు, మొదటి పది నిమిషాల్లో మునిగి చనిపోతున్నారు. లైఫ్ జాకెట్ ఉంటే ఆ గంట మీ చేతిలో ఉంటుంది. జారే బండల మీద, పియర్ అంచున నిలబడేవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, ఒడ్డునే కదా అనుకోకుండా వేసుకోవాలి.

మంచు విరిగి పడితే వచ్చిన వైపుకే తిరగాలి. ఆ మంచు అప్పటిదాకా మిమ్మల్ని మోసింది కాబట్టి. మోచేతులు పలక మీద పెట్టి, కాళ్లు ఈత కొట్టినట్టు గట్టిగా ఆడిస్తూ పొట్ట మీద పాకాలి. బయటపడ్డాక లేచి నిలబడొద్దు, దొర్లుకుంటూ ఒడ్డుకు రావాలి. పక్కనున్నవాళ్లు ఎంత ప్రేమ ఉన్నా పరుగెత్తి వెళ్లొద్దు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి కోసం వెళ్లి ఇంకొకరు పోవడం పదే పదే జరుగుతోంది. 911కు ఫోన్ చేసి, తాడో, పొడవాటి కొమ్మో, జంపర్ కేబులో ఒడ్డు నుంచే అందించాలి. గాలం వేసేవాళ్లు సంచిలో 50 అడుగుల తాడు పెట్టుకుంటే బరువేం కాదు.

బట్టల విషయంలో ఒక్కటే మాట.. జీన్స్ వద్దు. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. లోపల ఉన్నిదో, పాలిస్టర్‌దో, పైన గాలి, నీళ్లు ఆపే జాకెట్. కారులో ఒక జత పొడి బట్టలు. టైర్లకు చెయిన్లు ఉండాల్సిందే. ఐ-80 మీద డోనర్ కనుమ దగ్గర మంచు పడితే చెయిన్ కంట్రోల్ పెడతారు, లేనివాళ్లను వెనక్కి పంపేస్తారు. సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. నాలుగింటికి సర్దుకోవడం మొదలుపెట్టండి.

ఇండియాలో ఇప్పుడు కుదరదు

ఇది చదివి మనాలీ ట్రిప్‌లో ట్రై చేద్దాం అనుకుంటున్నారా? ఆగండి. హిమాచల్ ప్రదేశ్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు ట్రౌట్ వేట నిషేధం. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే. కశ్మీర్‌లోనూ చలికాలంలో సెలవే. నిజానికి ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు తమ సరదా కోసం 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెప్పించి కశ్మీర్ వాగుల్లో పెంచారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలో, నీలగిరుల్లోని అవలాంచీ దగ్గర రెయిన్‌బో ట్రౌట్ హ్యాచరీ పెట్టారు.

పట్టాక ఏం చేయాలి?

వదిలేయాలనుకుంటే నీళ్లలోంచి పూర్తిగా పైకి తీయొద్దు. సున్నా కంటే తక్కువ చలిలో సున్నితమైన మొప్పలు నిమిషంలోపే గడ్డకట్టి దెబ్బతింటాయి. మంచు మీద పడేసి ఫొటోలు తీసి మళ్లీ వదిలితే అది ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపిస్తుంది గానీ బతకడం కష్టం. గ్లౌజులు తీసి, చేతులు తడిపి పట్టుకోవాలి. పొడి చేతులకు దాని ఒంటి జిగురు పొర అంటుకుని ఊడిపోతుంది. పిండి ఎరను చేప లోపలిదాకా మింగేస్తుంది, కొక్కెం లాగితే పేగులు చినుగుతాయి. అందుకే పట్టి వదిలేద్దాం అనుకునేవాళ్లు పిండి ఎర వాడకపోవడమే మంచిది. ముల్లు లేని కొక్కెంతో స్పూన్ వేయండి. పిండి ఎరతో పట్టినవి పరిమితి మేరకు తీసుకెళ్లి తినండి, అందులో తప్పేం లేదు.

తినాలనుకుంటే అక్కడే పొట్ట చీల్చి శుభ్రం చేయాలి. వెన్నెముక వెంట నల్లగా కనిపించే నెత్తుటి పొరను బొటనవేలి గోరుతో గీకేయాలి. చేదు, నీచు వాసన దాంట్లోనే ఉంటుంది. వ్యర్థాలు సరస్సులో పారేయకుండా కవర్‌లో వేసుకుని తెచ్చుకోండి. ట్రౌట్‌కు పొలుసు చాలా సన్నం, గీకాల్సిన పని లేదు. ఇక వంట. కొర్రమీను పులుసు లెక్కలో చింతపండు పులుసులో వేసి అరగంట ఉడికిస్తే గిన్నెలో ముళ్లే మిగులుతాయి. దీని కండ అంత మెత్తన. పసుపు, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, పెనం మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు వేపుడు చేసుకుంటే సరిపోతుంది. పులుసే కావాలని పట్టుబట్టేవాళ్లు.. పులుసు ముందు బాగా మరిగించి, దించే పది నిమిషాల ముందు ముక్కలు వేయండి. గరిటె మాత్రం పెట్టొద్దు.